పాత వాడిన తపాలా బిళ్ళలతో ప్రపంచ సేకరణ: ఎక్కడ వెతకాలి, ఎలా ఎంచుకోవాలి

ప్రతి దేశానికీ ఒక పేజీ కేటాయించి, ఆ పేజీలను వందేళ్ళ నాటి స్టాంపులతో నింపాలని కూర్చున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇవి ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? రోజూ వచ్చే ఉత్తరాల మీద మాత్రం దొరకవు. పాత స్టాంపులు పాత సేకరణల్లోనే ఉన్నాయి. ఎనభై, తొంభై ఏళ్ళ కిందట ఎవరో ఓపికగా అతికించి దాచినవే చేతులు మారుతూ మన దాకా వస్తున్నాయి. అందుకే మన వెతుకులాట అంతా ఒకప్పటి సేకర్తల ఆల్బమ్‌ల కోసం సాగాలి. అవి దొరికాక వాటిలో ఏది తీసుకోవాలో, ఏది వదలాలో చెప్పేది మన కన్ను. ఆ కంటికి తర్ఫీదు ఇవ్వడానికి పట్టే సమయం డబ్బుకంటే విలువైనదని నా గట్టి నమ్మకం.

ముందుగా హద్దు గీసుకోండి

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ అయిన పెన్నీ బ్లాక్‌ను బ్రిటన్ 1840 మే 1న అమ్మకానికి పెట్టింది. మే 6 నుంచి అది చెల్లుబాటయింది. 1843లో జ్యూరిక్, జెనీవా, బ్రెజిల్, 1847లో అమెరికా, 1849లో ఫ్రాన్స్, బెల్జియం, బవేరియా స్టాంపులు వేశాయి. అక్కడి నుంచి నేటి వరకు వెలువడిన స్టాంపులన్నీ సేకరించడం ఒక్క జీవితంలో అయ్యే పని కాదు. అందుకే ప్రపంచ సేకర్తల్లో చాలామంది 1840 నుంచి 1940 వరకు అని గిరి గీసుకుంటారు. స్కాట్ సంస్థ ప్రాచీన స్టాంపుల కోసం వేసే క్లాసిక్ కేటలాగు హద్దు కూడా ఇదే. బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకు మాత్రం అది ఆరో జార్జి మరణించిన 1952 వరకు వెళ్తుంది. కొత్తవారు ఇదే హద్దు పెట్టుకోవడం మంచిది. కేటలాగు, ఆల్బమ్, వెతికే జాబితా అన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

ఇక్కడే ఒక అపోహ తొలగాలి. పాతదంటే అరుదైనదని కాదు. పెన్నీ బ్లాక్ 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయింది. వ్యాపారులు, న్యాయవాదులు ఉత్తరాలను కట్టలు కట్టి దాచడంతో అది పెద్ద సంఖ్యలోనే మిగిలింది. అందరికీ కావాలి కాబట్టే దానికి ధర. 1881 నుంచి 20 ఏళ్ళు నడిచిన బ్రిటన్ పెన్నీ లిలాక్ అయితే 3,300 కోట్లకు పైగా అచ్చయింది. పందొమ్మిదో శతాబ్దపు స్టాంపుల్లో ఒక పెద్ద భాగం సామాన్యుడికి అందుబాటులోనే ఉంది. మీ సేకరణకు పునాది అదే.

కొనే ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి

కొత్తవారు ఎక్కువగా తడబడేది దేశం పేరు దగ్గర. బ్రిటన్ స్టాంపు మీద దేశం పేరు ఉండదు. రాజు లేదా రాణి తల ఉంటుంది, అంతే. స్విట్జర్లాండ్ 'హెల్వెషియా' అని, హంగరీ 'మాగ్యార్' అని, ఫిన్లాండ్ 'సువోమి' అని, స్వీడన్ 'స్వెరిగె' అని, అల్బేనియా 'ష్కిపెరియా' అని రాసుకుంటాయి. రష్యన్ లిపిలో 'పోచ్తా' అంటే తపాలా. ఆంగ్ల అక్షరాలు అనుకుని చదివితే అది 'నోయ్‌టా'లా కనిపించి, అలాంటి దేశం ఏదో ఉందనుకుని వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. జపాన్ పాత స్టాంపులను పదహారు రేకుల చేమంతి పట్టిస్తుంది.

ఆపైన మాయమైపోయిన దేశాలు. డాన్‌జిగ్, సార్, ఫ్యూమె, హెలిగోలాండ్, టన్ను టువా. పేరు మారిన గోల్డ్ కోస్ట్, సిలోన్, సయామ్, పర్షియా. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, పక్కన ఇప్పటి పేరు, స్టాంపులు వెలువడిన ఏళ్ళు వేసుకోండి. ఒక వారం సాయంత్రాలు ఈ పనికి కేటాయించినా వృథా కాదు. ఎందుకంటే అమ్మేవారికి తెలియనిది మీకు తెలిసినప్పుడే మంచి స్టాంపు తక్కువలో దొరుకుతుంది.

కేటలాగు తప్పనిసరి. స్కాట్, స్టాన్లీ గిబ్బన్స్, మిషెల్, ఇవేర్ ఎ టెలియే నాలుగూ ప్రసిద్ధమైనవే కాని, ఒకే స్టాంపుకు నాలుగింటిలో నాలుగు వేర్వేరు సంఖ్యలుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడండి. పదేళ్ళ పాత ప్రతి అయినా సరిపోతుంది. 1890 నాటి స్టాంపు వివరాలు ఏటేటా మారవు కదా. చాలా గ్రంథాలయాల్లో ఇవి చూడటానికి దొరుకుతాయి.

పనిముట్లు కొన్నే: మొన కొద్దిగా చదునుగా ఉన్న స్టాంపుల పట్టకారు, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, అంచు పళ్ళను కొలిచే గేజ్, వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) చూసే నల్లటి చిన్న పళ్ళెం, ఆమ్లం లేని కాగితంతో చేసిన స్టాక్ బుక్. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టవద్దు. కాలం గడిచే కొద్దీ అవి స్టాంపును పాడుచేస్తాయి.

ఎక్కడ వెతకాలి

చాలామంది 'వెయ్యి రకాల ప్రపంచ స్టాంపులు' అని రాసిన ప్యాకెట్టుతో మొదలుపెడతారు. ఒక్కసారి కొనడం మంచిదే. దేశాలు, బొమ్మలు, లిపులు ఒక్క దెబ్బన పరిచయమవుతాయి. రెండోది మాత్రం కొనవద్దు. అందులో సగం మొదటిదే తిరిగి వస్తుంది. మిగతా వాటిలో ఎక్కువ భాగం 1960 తర్వాతివి. బరువు లెక్కన అమ్మే కిలోవేర్ మూటలూ అంతే. వీటిలో కాగితం ముక్కలతో సహా కత్తిరించిన ఇటీవలి స్టాంపులుంటాయి. ధార్మిక సంస్థలు సేకరించి అమ్మే పాత మూటలు ఎప్పుడో దాచినవైతేనే ఆశ పెట్టుకోవచ్చు.

అసలైన గని వేలాల్లో, ఆన్‌లైన్‌లో వచ్చే మొత్తం సేకరణలు. ఒక సేకర్త మరణించాకనో, మానేశాకనో ఆల్బమ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా అమ్మకానికి వస్తాయి. వేలం సంస్థ వాటిలోంచి విలువైనవి విడిగా తీసి, మిగిలినదంతా ఒక పెట్టెలో పెట్టి ఒకే లాట్‌గా అమ్ముతుంది. ఆ మిగిలినదే మనకు కావలసింది! ఒక్కొక్కటిగా కొనాలంటే నెలలు పట్టే ఐదారు వందల సాధారణ పాత స్టాంపులు ఒకేసారి చేతికి వస్తాయి. ఈబే, డెల్‌కాంప్ లాంటి చోట్ల 'పాత ఆల్బమ్', 'మిగిలిన సేకరణ', '1840–1940' అన్న మాటలతో వెతకండి. ఫ్రెంచి, జర్మన్ భాషల్లోనూ వెతకండి. అక్కడి ఇళ్ళలోంచి వచ్చే ఆల్బమ్‌లు ఆ భాషల్లోనే నమోదవుతాయి, వాటి మీద పోటీ తక్కువ.

స్టాంపు క్లబ్బుల సర్క్యూట్ పుస్తకాలు మరో మంచి దారి. సభ్యులు తమ దగ్గర మిగిలిన స్టాంపులను చిన్న పుస్తకాల్లో అతికించి, ఒక్కొక్కటి కింద ధర రాస్తారు. ఆ పుస్తకం ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. కావలసినవి తీసుకుని, ఖాళీలో సంతకం పెట్టి, డబ్బు పంపుతారు. 1886లో ఏర్పడిన అమెరికన్ ఫిలటెలిక్ సొసైటీ ఈ పద్ధతిని చాలాకాలం నడుపుతూ వచ్చింది. స్టాంపు తీసుకునే ముందే చేతిలో ఉంటుంది, వెనక తిప్పి చూడవచ్చు. ఫొటో చూసి కొనడంలో లేని భరోసా ఇది.

పాత ఇళ్ళలో, కార్యాలయాల్లో మూలపడిన ఉత్తరాల కట్టలు దొరికితే ఒక్క విన్నపం: కవరు మీది స్టాంపును కత్తిరించకండి. 1940కి ముందు కవరైతే దాన్ని పూర్తిగా అలాగే ఉంచండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎన్ని రోజుల్లో వెళ్ళిందో దాని ముద్రలు చెబుతాయి. స్టాంపు ఊడదీసిన క్షణాన ఆ కథ పోతుంది, చాలాసార్లు విలువ కూడా పోతుంది.

ఫొటో చూసి లాట్‌ను అంచనా కట్టడం

ఈ పని వచ్చినవారికి డబ్బు మిగులుతుంది. ముందు ఆల్బమ్ ఎప్పటిదో చూడండి. అచ్చు పేజీల్లో చివరి దేశాలు, చివరి సంవత్సరాలు ఎక్కడ ఆగాయో గమనించండి. 1930ల్లో ఆగిన ఆల్బమ్ యజమాని అప్పట్లోనే ఆపేసి ఉంటాడు. అందులో ఆధునిక చెత్త కలిసే అవకాశం తక్కువ. తర్వాత ఖాళీలు చూడండి. పేజీ పొడుగునా తక్కువ విలువలు నిండి, చివర ఎక్కువ విలువల చోట కాగితం మీద పాత హింజ్ (స్టాంపును పేజీకి అంటించే చిన్న జిగురు కాగితం) మచ్చలు మాత్రమే ఉంటే, అక్కడివి ఎవరో తీసేశారన్నమాట. అది మోసం కాదు, అయితే ధర ఆ మేరకు తగ్గాలి. దీనికి భిన్నంగా, పెన్నీ బ్లాక్ తర్వాత వచ్చిన ఎర్ర స్టాంపు పెన్నీ రెడ్ ఒకటే పది పదిహేను ఒక మూల కుప్పగా అతికించి ఉంటే సంతోషించండి. వాటిని ఇంకా ఎవరూ జల్లెడ పట్టలేదని అర్థం.

అమ్మేవారు మంచి పేజీలనే ముందు చూపిస్తారు. చూపని పేజీల ఫొటోలు మర్యాదగా అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. తర్వాత మూడు సగటు పేజీల మీద స్టాంపులు లెక్కపెట్టి పేజీల సంఖ్యతో హెచ్చించండి. అందులో మీ దగ్గర లేనివి ఎన్నో స్థూలంగా చూసుకుని, ధరను ఆ సంఖ్యతోనే భాగించండి. మొత్తం స్టాంపులతో భాగిస్తే అంకె అందంగా కనిపిస్తుంది కాని, మీకు ఉన్నవే మళ్ళీ కొంటున్న సంగతి మరుగున పడుతుంది. వేలమైతే సంస్థ రుసుము, తపాలా ఖర్చు కలుపుకుని గరిష్ఠ ధరను ముందే కాగితం మీద రాసుకోండి. వేలం వేడిలో ఆ గీత దాటవద్దు. అలాంటి ఆల్బమ్ మళ్ళీ వస్తుంది.

ఆల్బమ్ ఇంటికి వచ్చాక వెంటనే ఊడదీయకండి. పేజీల అంచున పెన్సిల్‌తో రాసిన చిన్న గుర్తులను చదవండి. పాత సేకర్తలు వాటర్‌మార్క్, రంగు భేదం, ఎవరి దగ్గర కొన్నారో రాసుకునేవారు. తెలియని మనిషి చేతిరాత నాకు కొన్నిసార్లు కేటలాగుకంటే ఎక్కువ నేర్పింది.

స్టాంపును దగ్గరగా చూడటం

ముందువైపుకంటే వెనకవైపే ఎక్కువ నిజం చెబుతుంది. పట్టకారుతో పట్టుకుని, బోర్లా పెట్టి, దీపం కాంతిని పక్క నుంచి పడనివ్వండి. హింజ్ లాగినప్పుడు కాగితపు పొర లేచిపోయి పలుచబడిన చోటు అక్కడే కనిపిస్తుంది. మడత, చిరుగు, తెగిన మూల, పొట్టిగా అరిగిన పళ్ళు వరుసగా చూడండి. ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర చక్కటి పాత స్టాంపు కొన్నాను. ముందు నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. నల్ల పళ్ళెంలో బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ద్రవం రెండు చుక్కలు వేయగానే మధ్యలో గింజంత నల్లని మచ్చ తేలింది. పలుచబడిన చోటును గుజ్జుతో పూడ్చి నున్నగా చేశారు. ఆ రోజు నుంచి ఖరీదైనది ఏదైనా ఆ ద్రవంలో తడపకుండా ఆల్బమ్‌లోకి ఎక్కించలేదు. ఆ ద్రవాలు కొన్ని త్వరగా మండుతాయి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా వాడాలి. ఫొటోగ్రేవ్యూర్ పద్ధతిలో అచ్చయిన కొన్ని స్టాంపుల రంగును కూడా అవి కరిగిస్తాయి.

అంచు పళ్ళను 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో దాన్నిబట్టి లెక్కిస్తారు. ఒకే బొమ్మ, ఒకే రంగు ఉన్న రెండు స్టాంపులు పళ్ళలోనో వాటర్‌మార్క్‌లోనో తేడా ఉండి, ధరలో ఎన్నో రెట్ల దూరంలో ఉండవచ్చు.

కంటికి తర్ఫీదు కావాలంటే ఇందాకటి పెన్నీ లిలాక్‌నే తీసుకోండి. భూతద్దం కింద ఒక మూలను చూడండి. అక్కడ ముత్యాల్లాంటి చుక్కల వరుస ఉంటుంది. ఆ మూలలో 16 చుక్కలుంటే అది 1881 డిసెంబరు నుంచి ఇరవై ఏళ్ళు నడిచిన రెండో అచ్చు. 14 ఉంటే మొదటిది. మొదటిది అదే ఏడాది జూలైలో వచ్చి అయిదు నెలలే నడిచింది కాబట్టి తక్కువగా దొరుకుతుంది. పాత ఆల్బమ్‌లలో ఈ రెండూ ఒకే కుప్పలో కలిసి ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుని యాభై స్టాంపుల చుక్కలు లెక్కపెట్టండి. ఆ తర్వాత ఏ దేశపు స్టాంపును చూసినా మీ కన్ను మూలలకు వెళ్తుంది.

నానబెట్టడం

కాగితం ముక్క అంటుకుని ఉన్న మామూలు స్టాంపులను గోరువెచ్చని నీళ్ళలో వేయండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో స్టాంపు తనంతట తాను విడిపోవాలి. లాగితే పొర లేస్తుంది. విడిపోయాక శుభ్రమైన నీళ్ళలో ఇంకోసారి కడిగి, వెనక జిగురు జిడ్డు పోయిందని వేలి కొసతో చూసుకుని, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టండి. పూర్తిగా ఆరబోయే ముందు రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకం ఉంచితే చదునుగా వస్తాయి.

ముదురు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా కవర్ల ముక్కలను వేరే గిన్నెలో, ఒక్కొక్కటిగా వేయండి. రంగు దిగితే పక్కనున్నవన్నీ పాడవుతాయి.

కొన్నింటిని అసలు తడపకూడదు. వాడిన స్టాంపు మీది ముద్రను కడిగి మళ్ళీ వాడకుండా బ్రిటన్ కావాలనే నీటికి కరిగే సిరాను వాడింది. 1883–84 నాటి లిలాక్, ఆకుపచ్చ వరుస దీనికి పేరుమోసిన ఉదాహరణ. ఆ ఆకుపచ్చ నీళ్ళు తగిలితే పాలిపోతుంది, అసలు రంగు మళ్ళీ రాదు. సామ్రాజ్య దేశాల ఊదా, ఆకుపచ్చ స్టాంపుల్లోనూ ఇదే గుణం ఉన్నవి చాలా ఉన్నాయి. అలాంటివాటిని తడి అద్దుడు కాగితం మీద వెనక వైపు ఆనించి, తేమతో కాగితాన్ని మెల్లగా ఊడదీయాలి. అనుమానం ఉంటే కాగితంతో సహా ఉంచేయండి. తపాలా ముద్ర స్పష్టంగా ఉన్న ముక్కకు దాని విలువ దానికే ఉంది.

ముద్రను చదవండి

వాడిన స్టాంపులో ముద్ర సగం సంగతి. పెన్నీ బ్లాక్ ఏడాదికే ఎర్రగా మారడానికి కారణం కూడా ముద్రే. నల్ల స్టాంపు మీద ఎర్ర ముద్ర సరిగా కనిపించక, దాన్ని చెరిపి మళ్ళీ వాడుకునే వీలుండటంతో 1841లో స్టాంపును ఎర్రగా, ముద్రను నల్లగా మార్చారు.

ఊరు, తేదీ చదవగలిగేలా పడిన గుండ్రటి ముద్రను ఎంచుకోండి. ముఖమంతా మసిబారినట్టు పడిన ముద్రను మరొకటి దొరికేదాకా తాత్కాలికంగా ఉంచుకోవచ్చు. కలంతో గీసి ఉంటే అది తపాలాకు కాక, పన్ను పత్రానికి వాడినదై ఉండవచ్చు. స్పెయిన్ పాత స్టాంపులో గుండ్రటి రంధ్రం పొడిచి ఉంటే అది తంతి రుసుముకు వాడినది. చిన్న రంధ్రాలతో అక్షరాలు కనిపిస్తే భయపడకండి. ఉద్యోగులు దొంగిలించకుండా సంస్థలు తమ పేరు పొడిచేవి. వాటినే ప్రత్యేకంగా సేకరించేవారూ ఉన్నారు.

ముద్ర ఉన్నా ఉత్తరం మోయని స్టాంపులున్నాయి. ఉత్తర బోర్నియో కంపెనీ మిగిలిపోయిన స్టాంపుల మీద అడ్డగీతల ముద్ర వేసి సేకర్తలకు చవకగా అమ్మింది. కేటలాగులు వాటికి విడిగా ధర చూపుతాయి. ముద్రతో పాటు వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటే ముందు ఈ అనుమానమే రావాలి.

జర్మనీ 1923 ద్రవ్యోల్బణపు స్టాంపులు ఇంకో పాఠం. మార్కు విలువ రోజురోజుకూ కూలిపోతుంటే స్టాంపు మీది అంకె 5,000 కోట్ల మార్కుల దాకా వెళ్ళింది. ఒక్కొక్కటి కొద్దికాలమే చెల్లింది కాబట్టి వాడనివి కుప్పలుగా మిగిలాయి, నిజంగా వాడినవి తక్కువ. వాటిలో అనేకం వాడనివాటికంటే ఖరీదు. అందుకే వాడని వాటి మీద దొంగ ముద్రలు వేశారు. నిపుణులు పరిశీలించి వెనక చిన్న గుర్తు వేసినవి తప్ప, వాడినవాటికి ఎక్కువ ధర పెట్టకండి.

నకిలీలు, పునర్ముద్రణలు

ఖరీదైనవే నకిలీ అవుతాయని అనుకోవడం పొరపాటు. హాంబర్గ్‌కు చెందిన స్పైరో సోదరులు, జెనీవాలో ఫోర్నియే చవక నకిలీలను పెద్ద సంఖ్యలో వదిలారు. అవి ఈనాటికీ పాత ఆల్బమ్‌లలో కనిపిస్తాయి. 1867 నుంచి 1890 వరకు స్టాంపులు వేసిన హెలిగోలాండ్‌వి జర్మనీలో ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందాయి. మీకు దొరికే హెలిగోలాండ్ అసలుది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. 1890ల నికరాగ్వా, హోండురాస్, సాల్వడార్, ఈక్వడార్ స్టాంపులను సీబెక్ అనే స్టాంపుల ముద్రణ వ్యాపారి ఉచితంగా అచ్చువేసి, మిగిలినవాటిని, పునర్ముద్రణలను సేకర్తలకు అమ్ముకునే హక్కు పొందాడు. కొత్తవి కుప్పలుగా ఉన్న ఆ దేశాల్లో ఉత్తరం మీద నిజంగా నడిచినది వెతకడంలోనే ఆనందం ఉంది. పళ్ళు లేని అరుదైన రకం అని అమ్మేదానికి నాలుగు వైపులా విశాలమైన అంచు లేకపోతే, మామూలు స్టాంపు పళ్ళు కత్తిరించి చేసినదనుకోండి.

ఖాళీలు పూడ్చుకోవడం

మొదటి రెండు మూడు ఆల్బమ్‌లతో బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, ఫ్రాన్స్, అమెరికా, బెల్జియం, నెదర్లాండ్స్ పేజీలు వేగంగా నిండుతాయి. ఆ తర్వాత మూటలు కొనడం ఆపి, కేటలాగు సంఖ్యలతో కావలసినవాటి జాబితా తయారుచేసి మార్పిడికి దిగండి. మీ దగ్గర రెండేసి ఉన్నవాటిలో లోపం లేనివి మాత్రమే పంపండి. మీరు పంపిన తీరునుబట్టే అవతలివారు పంపుతారు. చిన్న ద్వీపాలు, చిన్న వలసల పేజీలు మాత్రం నెమ్మదిగా సాగుతాయి. అక్కడ ఉత్తరాలు రాసినవారే తక్కువ, అందుకే చాలాచోట్ల వాడినదానికంటే వాడనిది సులభంగా దొరుకుతుంది. ఒక వలసకు ఒక్క స్పష్టమైన ముద్ర దొరికినా చాలనుకుని ముందుకు వెళ్ళండి.

స్టాక్ బుక్ చివర ఒక పేజీని గుర్తుపట్టని స్టాంపులకు ఉంచండి. మూడు నెలలకోసారి ఆ పేజీ తెరిచి, ఈలోగా నేర్చుకున్నదానితో మళ్ళీ చూడండి. నా దగ్గర రెండు తలల గద్ద, ఒక అంకె తప్ప ఇంకేమీ లేని స్టాంపు ఆ పేజీలో రెండేళ్ళు ఉంది. ఆస్ట్రియాదనుకుని ఆ పేజీలన్నీ గాలించాను. చివరికి ముద్రలోని ఊరి పేరును భూతద్దంతో కూడబలుక్కుని చదివితే తెలిసింది: దేశం పేరే వేయకుండా 1879లో మొదలైన బోస్నియా హెర్జెగోవినా వరుసలోది. ఆ సాయంత్రమే దానికో పేజీ తెరిచాను.